ఏడడుగుల సెంటర్ ఉన్న ప్రత్యర్థిపై స్కౌటింగ్ రిపోర్టు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: బెంచిచివర

అందరికీ నమస్కారం. నేను అమెరికాలోని ఒక చిన్న డివిజన్ 1 (కళాశాల క్రీడల్లో అత్యున్నత స్థాయి) కళాశాలలో మాస్టర్స్ చదువుతూ, అక్కడి పురుషుల బాస్కెట్‌బాల్ జట్టుకు స్టూడెంట్ మేనేజరుగా పనిచేస్తున్నాను. వీడియో క్లిప్పులు కత్తిరించి ఇవ్వడం, ప్రాక్టీసులో గడియారం చూసుకోవడం ఇంతవరకు నా పని. వచ్చే శనివారం మేము ఆడబోయే ప్రత్యర్థిపై స్కౌటింగ్ రిపోర్టు (వాళ్ల ఆటతీరును విశ్లేషించే నివేదిక) తొలి ముసాయిదాను ఈసారి నన్నే రాయమని మా అసిస్టెంట్ కోచ్ గారు చెప్పారు. ఆ జట్టులో ఏడడుగులు దాటిన సెంటర్ (బుట్ట దగ్గర ఆడే ఆటగాడు) ఒకరున్నారు. వాళ్ల దాడి అంతా ఆయన చుట్టూనే తిరుగుతుంది, మా జట్టులో అంత ఎత్తున్నవారు ఎవరూ లేరు. వాళ్ల ఆటల వీడియోలన్నీ మాకు అందుబాటులో ఉన్నా, అన్నీ చూసే వ్యవధి లేదు. ముందు గణాంకాలు చూడాలా, వీడియో చూడాలా? ఆ సెంటర్‌ను డబుల్ టీమ్ చేయాలని, అంటే ఇద్దరు కలిసి కాపలా కాయాలని రాయడం సరైనదేనా? వాళ్ల తదుపరి ఆటకు నేనే వెళ్లి చూసి వస్తే ఉపయోగం ఉంటుందా?

సమాధానం: లెక్కలపుస్తకం

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అక్కడ పొరపాటు జరిగితే ఇబ్బంది మీ జట్టు మొత్తానికీ వస్తుంది. రాబోయే ప్రత్యర్థి ఆటను స్వయంగా వెళ్లి పరిశీలించడాన్ని కళాశాల క్రీడలను నిర్వహించే ఎన్‌సీఏఏ వారి డివిజన్ 1 నిబంధనలు నిషేధిస్తాయి. రెండు జట్లూ ఒకే టోర్నమెంటులో ఒకే చోట ఆడుతున్నప్పటి వంటి కొద్దిపాటి మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. మీ కళాశాలలో నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ కార్యాలయాన్ని అడగకుండా టికెట్ కొనకండి.

ఇక గణాంకాల సంగతి. సగటున ఆటకు ఎన్ని పాయింట్లు చేశారు, ఎన్ని ఇచ్చారు అన్న లెక్కను పక్కన పెట్టండి. టోనీ బెనెట్ కోచ్‌గా ఉన్న రోజుల్లో వర్జీనియా విశ్వవిద్యాలయ జట్టు ప్రత్యర్థులకు అతి తక్కువ పాయింట్లు ఇచ్చేది. డిఫెన్స్ నిజంగా గట్టిదే గాని, నెమ్మదిగా ఆడి పొసెషన్ల (బంతి ఒక జట్టు చేతిలో ఉండే ఒక్కో అవకాశం) సంఖ్యనే తగ్గించడం వల్ల ఆ అంకె ఇంకా చిన్నదిగా కనిపించేది. కాబట్టి పొసెషన్‌కు ఎన్ని పాయింట్లో లెక్క కట్టి, తరువాత బాస్కెట్‌బాల్ గణాంక నిపుణుడు డీన్ ఆలివర్ ప్రతిపాదించిన నాలుగు అంశాలు చూడండి: త్రీ పాయింటర్ల అదనపు విలువను కలుపుకున్న షూటింగ్ శాతం, టర్నోవర్లు (బంతి పోగొట్టుకోవడం), అఫెన్సివ్ రీబౌండ్లు (తమ తప్పిన షాట్‌ను తామే అందుకోవడం), ఫౌళ్ల వల్ల ఫ్రీ త్రోలు సంపాదించే తీరు. ఏడడుగుల సెంటర్ ఉన్న జట్టు బలం చాలాసార్లు చివరి రెండింటిలోనే దాగి ఉంటుంది. షాట్ తప్పాక జరిగేదే మీకు అసలు ప్రమాదం కావచ్చు.

సమాధానం: పాత ఫార్వర్డ్

లెక్కలపుస్తకం గారితో ఏకీభవిస్తూనే డబుల్ టీమ్ విషయంలో ఒక హెచ్చరిక చేయాలనుకుంటున్నాను, ఎందుకంటే ఒకే సెంటర్‌పై రెండు జట్లు పూర్తిగా విరుద్ధమైన ప్రణాళికలతో గెలిచిన ఉదాహరణ మన కళ్లముందే ఉంది.

2023 మార్చిలో ఎన్‌సీఏఏ జాతీయ టోర్నమెంటులో న్యూజెర్సీకి చెందిన ఫెయిర్‌లీ డికిన్సన్ జట్టు బుధవారం డేటన్‌లో టెక్సాస్ సదర్న్‌ను ఓడించి, శుక్రవారం కొలంబస్‌లో ఒకటో సీడ్ (తమ విభాగంలో అగ్రస్థానం పొందిన జట్టు) పర్డ్యూను ఎదుర్కొంది. డివిజన్ 1లోని 363 జట్లలో సగటు ఎత్తు అందరికంటే తక్కువున్న జట్టు ఫెయిర్‌లీ డికిన్సన్; ఎదురుగా పర్డ్యూ సెంటర్, 7 అడుగుల 4 అంగుళాల జాక్ ఈడీ. ఆయనకు ముందొకరు, వెనకొకరు నిలిచి, బంతి ఆయన చేతికి చేరడమే కష్టమయ్యేలా చేశారు; పర్డ్యూ గార్డులు ఇద్దరూ మొదటి సంవత్సరం విద్యార్థులు కావడంతో ఒత్తిడి పెంచి తొందరపెట్టారు. దానికి మూల్యంగా బయటి షాట్లను వదిలేశారు. ఆ సీజన్‌లో పర్డ్యూ త్రీ పాయింట్ షూటింగ్ అంతంతమాత్రమే. ఆ రాత్రి 26 ప్రయత్నాల్లో 5 మాత్రమే పడ్డాయి. ఈడీకి 21 పాయింట్లు, 15 రీబౌండ్లు వచ్చినా 63-58తో ఫెయిర్‌లీ డికిన్సన్ గెలిచింది.

మరుసటి ఏడాది అదే పర్డ్యూ దేశంలోని మేటి త్రీ పాయింట్ జట్లలో ఒకటిగా మారింది. అదే టోర్నమెంటు 2024 ఫైనల్‌లో కనెటికట్ జట్టు ఈడీని చాలావరకు 7 అడుగుల 2 అంగుళాల డోనవన్ క్లింగన్‌కు ఒంటరిగా అప్పగించి, మిగిలినవారిని షూటర్ల దగ్గరి నుంచి కదలనివ్వలేదు. ఈడీ 37 పాయింట్లు చేశారు. పర్డ్యూ మొత్తం 7 త్రీ పాయింటర్లే ప్రయత్నించి ఒక్కటి వేయగలిగింది, ఫలితం 75-60.

మీ రిపోర్టులో సెంటర్ గురించి ఒక పేజీ రాస్తే, ఆయన నుంచి పాస్ అందుకునే నలుగురి గురించి రెండు పేజీలు రాయాలని నేనంటాను. వాళ్లలో ఎవరు ఖాళీగా దొరికితే షాట్ వేస్తారు, ఎవరు సంకోచిస్తారు, మూలన నిలబడినవారి షూటింగ్ శాతం ఎంత అన్నవి తెలియకుండా డబుల్ టీమ్ అని రాయడం చీకట్లో బాణం వేయడమే.

ప్రశ్న వేసినవారు: బెంచిచివర

ఇద్దరికీ ధన్యవాదాలు. లెక్క చూశాను: వాళ్ల నలుగురిలో ఇద్దరు బాగా షూట్ చేస్తారు, ఇద్దరు చేయరు. మాకు క్లింగన్ వంటి ఆటగాడు లేడు గనుక ఒంటరిగా వదిలే దారి కూడా లేదు. అలాంటప్పుడు ఏ ఆటల వీడియో చూడాలి?

సమాధానం: పాత ఫార్వర్డ్

అయితే రెండో మనిషి ఎవరి దగ్గరి నుంచి వస్తాడన్నదే మీ రిపోర్టుకు కేంద్రం. షూట్ చేయలేని ఆ ఇద్దరిని కాపలా కాస్తున్నవారే రావాలి, బలమైన షూటర్‌ను వదిలి ఎవరూ రాకూడదు. అలాంటి ఇద్దరూ ఒకేసారి కోర్టులో ఉండే లైనప్ ఏదో, ఎంతసేపు ఉంటుందో కూడా గుర్తించండి. వీడియోకు వాళ్లు ఘనంగా గెలిచిన ఆటలు ఎంచుకోకండి. మీలాగే పొట్టి జట్లతో ఆడినవి, సెంటర్‌ను ఎవరైనా డబుల్ టీమ్ చేసినవి తీసుకోండి. ఓడిన ఆటలైతే ఇంకా మంచిది. డబుల్ రాగానే ఆయన పాస్ ఎటు వెళ్తుందో పది పదిహేను క్లిప్పులు చూస్తే తెలిసిపోతుంది, ఎందుకంటే చాలామంది సెంటర్లు అలవాటుగా ఒకే భుజం మీదుగా తిరిగి, ఒకే వైపు చూస్తారు.

సమాధానం: లెక్కలపుస్తకం

ఒక చిన్న చేర్పు. సైడ్‌లైన్, బేస్‌లైన్ నుంచి బంతి లోపలికి వేసే సెట్లను (ముందే అనుకున్న ఎత్తుగడలను), 30 సెకండ్ల షాట్ క్లాక్‌లో చివరి ఎనిమిది సెకండ్లలో బంతి ఎవరి చేతికి వెళ్తుందో దాన్ని విడిగా కత్తిరించి పెట్టండి. ఆటగాళ్లకు ఇచ్చేది ఒక్క పేజీ దాటకూడదు. మిగతాది కోచ్ గారికి ఇవ్వండి. మొదటి మీడియా టైమవుట్ (ప్రసారం కోసం ఇచ్చే విరామం) 20 నిమిషాల అర్ధభాగంలో గడియారం 16 నిమిషాలకు దిగాక వస్తుంది కాబట్టి, అప్పటికి వాళ్లు మీరు ఊహించినట్టు ఆడుతున్నారో లేదో సరిచూడటానికి మూడు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి మీ దగ్గర ఉంచుకోండి: సెంటర్‌కు బంతి ఎక్కడ అందుతోంది, డబుల్ ఎవరి దగ్గరి నుంచి వెళ్తోంది, తప్పిన షాట్లకు రీబౌండ్ ఎవరిది.