అప్‌డేట్: ఆ రైలు సినిమా దొరికింది, ఒకటి కాదు రెండు!

పోయిన వారం అడిగాను కదా, రైల్లో వజ్రం దొంగతనం, శవపేటిక, నడవకి అడ్డంగా నిలబడే లావుపాటాయన ఉన్న నలుపు తెలుపు డిటెక్టివ్ సినిమా ఏదని. చెప్పినవాళ్లందరికీ థాంక్స్. నేనే రెండు సినిమాలు కలిపేసుకున్నాను.

వజ్రం, శవపేటిక 1946 నాటి 'టెర్రర్ బై నైట్'లోవి. షెర్లాక్ హోమ్స్‌గా బాసిల్ రాత్‌బోన్, లండన్ నుంచి ఎడిన్‌బరో వెళ్లే రైలు, మొత్తం గంట సినిమా. సరదాగా ఉంది, అంతే.

లావుపాటాయన మాత్రం 1952లో వచ్చిన 'ద నారో మార్జిన్' మనిషి. ఇది రాత్రి మొదలుపెట్టి మధ్యలో లేవలేకపోయాను. చనిపోయిన ముఠా నాయకుడి భార్యను సాక్ష్యం చెప్పించడానికి షికాగో నుంచి లాస్ ఏంజెలెస్ తీసుకెళ్లే పోలీసు కథ. ఆమెను చంపాలని వచ్చినవాళ్లూ అదే రైల్లో! విడిగా నేపథ్య సంగీతం లేదు, రైలు చప్పుళ్లతోనే టెన్షన్ పెట్టేశారు. సెట్టును ఊపే ఖర్చు తప్పించుకోవడానికి దర్శకుడు రిచర్డ్ ఫ్లైషర్ కెమెరానే ఊపించాడట. షూటింగ్ రెండు వారాల్లోపే అయిపోయిందంటే నమ్మబుద్ధి కాలేదు.

చివరి మలుపు ఇక్కడ రాయను. మా ఆవిడ ఇంకా చూడలేదు, పైగా ఇది చదువుతుంది.