చెన్నై ఓపెన్‌లో అంత ఏముండేది?

ప్రశ్న:
మాది ఒంగోలు, ఉద్యోగానికని చెన్నై వచ్చి రెండేళ్లయింది. జనవరి వచ్చిందంటే మా ఆఫీసులో సీనియర్లు "ఈపాటికి నుంగంబాక్కంలో టెన్నిస్ నడుస్తుండాలి" అని బాధపడుతుంటారు. గ్రాండ్‌స్లామ్ కాదు, దాని కింది మాస్టర్స్ కూడా కాదు, పురుషుల టూర్‌లో ఇంకా కింది స్థాయి ఏటీపీ 250 టోర్నీ. అప్పట్లో స్టేడియంకి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, దాంట్లో అంత ఏముండేది? ఎందుకు పోయింది?

జవాబు 1:
తమ్ముడూ, నేను కోడంబాక్కంలో ఉంటాను, చివరి ఏడాది 2017 దాకా దాదాపు ప్రతిసారీ వెళ్లాను. ఈ టోర్నీ 1996లో ఢిల్లీలో పుట్టింది, మరుసటి ఏడాదే ఇక్కడికి వచ్చేసింది, 1995 సాఫ్ (దక్షిణాసియా) క్రీడలకు కట్టిన స్టేడియం సిద్ధంగా ఉంది కాబట్టి. మొదట్లో ఏప్రిల్ ఎండల్లో ఆడించేవాళ్లు, 1998లో ఆస్ట్రేలియా ఆటగాడు రాఫ్టర్ గెలిచింది అలాంటి ఎండలోనే. తర్వాత జనవరి మొదటి వారానికి మార్చారు, దాంతో టోర్నీ దశ తిరిగింది. రెండు వారాల్లో ఆస్ట్రేలియన్ ఓపెన్, దానికి ముందు హార్డ్ కోర్టు మీద నాలుగు మ్యాచ్‌లు ఆడుకోవాలని పెద్దవాళ్లు వచ్చేవాళ్లు. స్విట్జర్లాండ్ ఆటగాడు వావ్రింకా ఇక్కడ నాలుగుసార్లు గెలిచాడు, 2014లో ఇక్కడ కప్పు ఎత్తిన మూడు వారాలకే మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ కప్పూ ఎత్తాడు.

నాకు మర్చిపోలేనిది 2008 సెమీస్. నాదల్, మోయా, ఇద్దరూ స్పెయిన్‌వాళ్లే, ఒకే దీవివాళ్లు. మూడు సెట్లూ 6-6తో సమమై టైబ్రేక్‌కి వెళ్లాయి, నాదల్ మ్యాచ్ పాయింట్లు కాచుకుని దాదాపు నాలుగు గంటలు ఆడి గెలిచాడు. మర్నాడు ఫైనల్లో రష్యా ఆటగాడు యూజ్నీ మీద 6-0, 6-1తో ఓడిపోయాడు. కాళ్లు కదల్లేదు పాపం. టీవీలో చూసినవాళ్లకి అది స్కోరు మాత్రమే, ముందు రాత్రి ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్లకి మాత్రం ఎందుకు ఓడాడో తెలుసు. చిన్న స్టేడియం కాబట్టి ఆటగాడు ఆయాసపడటం కూడా వినిపించేది, పక్క కోర్టుల దగ్గరైతే కంచె అవతలే సర్వ్ చేసేవాళ్లు.

జవాబు 2:
అన్నయ్యగారు 2005 సంగతి వదిలేశారు. డిసెంబరు 26న సునామీ వచ్చింది, వారం దాటగానే టోర్నీ. మెరీనా వైపు వెళ్లాలంటేనే భయపడుతున్న రోజులవి. ఆ ఏడాది గెలిచిన మోయా తన ప్రైజ్ మనీని సునామీ బాధితులకు ఇచ్చేశాడు. ఈ ఊరివాళ్లకి అతను అప్పట్నుంచీ పరాయివాడు కాదు. ఇంకొకటి, 2009లో వైల్డ్‌కార్డుతో, అంటే నిర్వాహకులు నేరుగా ఇచ్చిన ప్రవేశంతో వచ్చిన మన సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ అదే మోయాని, కార్లోవిచ్‌ని ఓడించి ఫైనల్‌కి వెళ్లాడు, సిలిచ్ చేతిలో ఓడినా స్టేడియమంతా లేచి నిలబడింది. డబుల్స్‌లో పేస్-భూపతి కలిసి ఐదుసార్లు గెలిచారు. మనవాళ్లు గెలుస్తుంటే కళ్లెదుట చూడటం ఎంత బావుంటుందో మాటల్లో చెప్పలేను.

జవాబు 3:
ఎందుకు పోయిందంటే, టోర్నీ హక్కులు ఐఎంజీ అనే స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కంపెనీవి, తమిళనాడు టెన్నిస్ అసోసియేషన్‌వి కావు. 2018లో పుణెకి తీసుకెళ్లారు, అక్కడా 2023తో ఆగిపోయింది. ఇది పుణెకి పోయాక చెన్నైకి మహిళల టూర్‌లోని డబ్ల్యూటీఏ 250 టోర్నీ వచ్చింది, 2022లో 17 ఏళ్ల ఫ్రుహ్‌విర్తోవా గెలిచింది, 2025లో మళ్లీ జరిగింది. నేను బెంగళూరులో ఉంటాను, ఇక్కడ కబ్బన్ పార్కులో చాలెంజర్ టోర్నీ, అంటే ఏటీపీ 250 కన్నా కింది స్థాయిది, జరుగుతుంది. 2018 ఫైనల్లో మన సాకేత్ మైనేని ఆడాడు, చెన్నై కుర్రాడు ప్రజ్ఞేశ్ చేతిలో ఓడాడు. చాలెంజరే కదా అని తీసిపారేయకండి, అంత దగ్గర నుంచి ఆట చూసే అవకాశం పెద్ద టోర్నీల్లో దొరకదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్సండీ. మహిళల టోర్నీ ఈసారి పెడితే మా సీనియర్లని కూడా లాక్కెళ్తాను. అన్నయ్యగారూ, ఏ వైపు కూర్చుంటే సాయంత్రం ఎండ కళ్లలో పడదు?

జవాబు 1:
పడమటి వైపు కూర్చో తమ్ముడూ, ఎండ వీపుకి తగులుతుంది. మొదటి రోజుల్లో వెళ్లు, పక్క కోర్టుల్లో మ్యాచ్‌లు అప్పుడే ఎక్కువ.