డైట్ ట్రయల్‌లో ఇంటి నూనె, పని శ్రమ లెక్క ఎలా తీయాలి?

అందరికీ నమస్కారం. గుంటూరులో షుగర్ బోర్డర్‌లో ఉన్నవాళ్లకి రాత్రి అన్నం బదులు కొర్రలు పెట్టి చూసే చిన్న ట్రయల్‌లో డేటా తీసుకునే పని నాది. బరువు, నడుము కొలత, బీపీతో ఇబ్బంది లేదు. హెచ్‌బీఏ1సీ రక్త పరీక్ష ఎటూ రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్తుంది కాబట్టి మొదట్లో, చివర్లో తీస్తున్నాం. టెన్షనంతా 24 గంటల డైట్ రీకాల్‌తోనే, అంటే ముందురోజు తిన్నవన్నీ గుర్తుచేసి చెప్పించడంతోనే. నిన్న ఏం తిన్నారండీ అంటే "మామూలేనమ్మా, అన్నం, పప్పు, గోంగూర పచ్చడి" అంటారు, ఎంత అన్నం, పచ్చడిలో నూనె ఎంత, టీలో చక్కెర ఎన్ని చెంచాలు అంటే మాత్రం తేలదు. కొలత గిన్నెలు చూపించి అడుగుతున్నాం, హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) 2017 ఆహార పట్టికలతో పోషకాలు లెక్కేస్తున్నాం, అయినా నూనె దగ్గరే ఆగిపోతోంది. నెలకి ఇంట్లో అయ్యే నూనెని తినేవాళ్ల సంఖ్యతో భాగిస్తే సరిపోతుందా, పిల్లల్ని ఎలా లెక్కేయాలి?

ఇంకోటి, మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్లూ ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ శారీరక శ్రమ ప్రశ్నావళి మామూలు వారం గురించి అడుగుతుంది, సీజన్‌కీ ఖాళీ నెలలకీ పోలికే లేని మనిషికి మామూలు వారం ఏది? మందు, సిగరెట్ గురించి ఇంట్లోవాళ్ల ముందు అడగడం లేదు, అది నా పట్టుదల. ఇలాంటి ఫీల్డ్ పని చేసినవాళ్లు మీరెలా రాయించారో కాస్త వివరంగా చెప్పండి.