లువాలో తెలుగు అక్షరాలు లెక్కపెట్టడం ఎలా?

నమస్కారమండీ. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా పాప బడిలో చదివేది ఒడియాలో, అందుకని ఇంట్లో ఆడుకోడానికి తెలుగు పదాల ఆట ఒకటి చేసిద్దామని పాత కంప్యూటర్‌లో లువా 5.4 వేశాను. చిన్న ప్రోగ్రామింగ్ భాష, పాత మెషీన్ మీద కూడా హాయిగా నడుస్తోంది, చాలా నచ్చింది. చిక్కల్లా తెలుగుతోనే. "అమ్మ" పొడవు అడిగితే 12 అంటోంది, అవి బైట్లు, అంటే కంప్యూటర్ దాచుకునే ముక్కల లెక్క. లువాలోనే ఉండే యూటీఎఫ్8 లైబ్రరీలోని లెన్ (యూనికోడ్ గుర్తుల్ని లెక్కపెట్టే ఫంక్షన్) వాడితే 4: అ, మ, పొల్లు, మళ్లీ మ. పాప లెక్కలో అవి రెండే అక్షరాలు, నాకూ ఆ రెండే కావాలి.

గుణింతాలను, ఒత్తులను ముందున్న అక్షరానికి కలిపే ఫంక్షన్ నేనే రాసుకోవాలా, లేక రెడీమేడ్ లైబ్రరీ ఏమైనా ఉందా? రాసుకోవాల్సిందే అయితే "బస్" లాంటి పొల్లుతో ముగిసే మాటల్ని ఎలా లెక్కేయాలి? విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో తెలుగు డబ్బాలుగా కనిపించడం మరో టెన్షన్. తెలిసినవాళ్లు నాలుగు లైన్ల కోడ్ పెట్టినా చాలు, మిగతాది నేను చూసుకుంటాను.