‘జాలిప్యె’ ఊరి పేరులో నిమ్మచెట్టు ఉందా?

దక్షిణ పోలండులోని జాలిప్యె అనే పల్లె పేరుకు ‘నిమ్మచెట్ల అవతలి ఊరు’ అన్న అర్థం సరైనదేనా అని ఒకరు అడిగారు. అందులో ‘అవతలి’ సరైనదే కాని, ‘నిమ్మ’ తప్పు. పోలిష్‌లో ‘జా’ అంటే అవతల, ‘లీపా’ అంటే లిండెన్ చెట్టు. ఇంగ్లీషులో ఈ చెట్టుకు, నిమ్మకు కూడా వాడే లైమ్ అనే మరో పేరు ఉండటంతో, ఇంగ్లీషు మీదుగా తెలుగులోకి వచ్చేసరికి అది నిమ్మ అయిపోయింది. నిజానికి లిండెన్‌కు నిమ్మతో చుట్టరికం లేదు. నేటి వృక్షశాస్త్రం దానిని పత్తి, బెండ, మందారల కుటుంబంలో చేర్చింది. వేసవి నడుమ పూచే దాని పరిమళానికి తేనెటీగలు ముసురుకుంటాయి. పోలిష్‌లో జూలై నెలకు ‘లీప్యెత్స్’ అన్న పేరు ఈ చెట్టు వల్లనే వచ్చింది.

‘అడవి అవతల’ అనే అర్థంలో జాలెస్యె అన్న పేరు కూడా పోలండులో చాలా ఊళ్ళకు ఉంది. ఇటువంటి పేర్లు ఆ ఊళ్ళో ఉన్నవారి చూపులోంచి కాక, ఇవతల నిలబడి చూసినవారి చూపులోంచి పుట్టినవని నాకు అనిపిస్తుంది.

జాలిప్యె విస్తులా నదికి దక్షిణాన, టార్నుఫ్ పట్టణానికి ఉత్తరాన, పల్లపు నేలలో ఉంది. ఆ ప్రాంతాన్ని పొవిశ్లె, అంటే విస్తులా ఒడ్డు సీమ, అంటారు. పోలండు స్వతంత్ర దేశంగా లేని 19వ శతాబ్దంలో అక్కడ ఈ నదే సరిహద్దు: దక్షిణపు ఒడ్డు ఆస్ట్రియాది, ఉత్తరపు ఒడ్డు రష్యాది.

ఆ ఊరి కథలో ఇంకొక ‘లైమ్’ కూడా ఉంది, అది సున్నం. పూర్వం పొగగొట్టం లేని ఇళ్ళలో గోడలు మసిబారితే, ఆడవాళ్ళు ఆ నలుపు మీద సున్నంతో తెల్లని మచ్చలు పెట్టేవారు. పొగగొట్టాలు వచ్చి గోడలు తెల్లగా నిలవసాగాక ఆ మచ్చలు పువ్వులయ్యాయి; ఆవుతోక వెంట్రుకలతో చేసిన కుంచెలతో గోడలను, పొయ్యిలను, చివరకు బావులను కూడా పూలతో నింపారు. వారిలో పేరుపొందిన ఫెలిత్సియా త్సురివొవా (1904–1974) ఇల్లు నేడు మ్యూజియం. చిత్రించిన ఇళ్ళకు 1948లో మొదలైన పోటీ కూడా ఆ ఊరి పేరును నలుగురికీ తెలిపింది.

ఉచ్చారణ విషయానికొస్తే, మన ‘జాలి’లోని దంత్య జకారమే మూలానికి దగ్గరగా ఉంటుంది, ఊనిక మాత్రం ‘లి’ మీద పడాలి.