గద్దించడం, మందలించడం: ఇంట్లోవాళ్ళకి తప్పు చెప్పే మాట ఏది?

నిన్న ఇక్కడ ఒకరు అడిగారు, బైబిల్లో మత్తయి సువార్త 18:15లో "గద్దించుము" అన్న మాట మరీ కటువుగా లేదా, ప్రేమ గురించి అంత చెప్పే గ్రంథంలో ఆ మాటెందుకు వేశారని. కామెంట్‌లో పట్టేలా లేదు, అందుకే విడిగా రాస్తున్నాను.

ముందు వాక్యం చదవండి. నీ పట్ల తప్పు చేసిన సహోదరుడి గురించి యేసు చెబుతున్నాడు: "నీవు పోయి, నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు అతనిని గద్దించుము, అతడు నీ మాట వినినయెడల నీ సహోదరుని సంపాదించుకొంటివి." మన కళ్ళు గద్దించుము దగ్గరే ఆగిపోతాయి గానీ, నాకు దాని చుట్టూ ఉన్న మాటలే ముఖ్యం అనిపిస్తాయి. పోయి. ఒంటరిగా. సంపాదించుకొంటివి. నెగ్గావు అనలేదు, తోడబుట్టినవాణ్ణి సంపాదించుకున్నావు అన్నాడు.

ఇంకోటి, ఇక్కడ గ్రీకు మూలంలో ఉన్న క్రియ ఎలెంఖో, అంటే తప్పును ఎత్తి చూపడం, అది తప్పేనని ఒప్పించడం. లూకా 17:3లో కూడా తెలుగులో గద్దించుమనే ఉంది, కానీ అక్కడి మూలపదం ఎపిటిమావో, అది నిజంగా గట్టిగా హెచ్చరించడమే. రెండింటికీ మనకి ఒకే మాట పడటంతో తేడా కనబడకుండా పోయింది. గలతీ 6:1లో "మంచిదారికి తీసికొని రావలెను" అన్నచోట మూలంలో ఉన్నది కతర్తిజో. మత్తయి 4:21లో జాలరులు తమ వలలు బాగుచేసుకుంటున్నారన్నప్పుడు వాడిన క్రియ కూడా అదే! చిరిగిన వలని ఎవరూ తిట్టరు కదా, ఒళ్ళో వేసుకుని ఒక్కో కన్నూ చూసుకుంటూ ముడి వేస్తారు.

ఇలా తప్పు సరిదిద్దడానికి తెలుగులో నాకు తోచిన మాట మందలించడం. మనలో చాలామందికి అది మెత్తగా చీవాట్లు పెట్టడమే, కానీ తెలంగాణలో మందలించడమంటే పలకరించడం, నెల్లూరు వైపు "ఏం మందల?" అంటే ఏంటి సంగతులు అని. పలకరింపూ చీవాట్లూ ఒకే మాటలో ఇమిడిపోయాయి, అది నాకు చాలా నచ్చుతుంది.

ఎందుకంటే నేను పలకరించకుండా గద్దించినదాన్ని. మా తమ్ముడు బెట్టింగ్ యాప్‌లలో డబ్బు పోగొట్టుకుని అప్పులు చేశాడని తెలిసినరోజు, వాళ్ళింటికి వెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా గడపలోనే మొదలుపెట్టాను, వాడి భార్య ముందు, పిల్లల ముందు. నేనన్న ప్రతి మాటా నిజమే. వాడు రెండు నెలలు నా ఫోన్ ఎత్తలేదు.

తర్వాత ప్రార్థన చేసుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. ఈసారి కూర్చున్నాను, తిన్నావా అని అడిగాను, చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత చెప్పాను, "నువ్వు అబద్ధం ఆడుతున్నావని నాకు తెలుసురా, తెలిసీ తెలియనట్టు ఉన్నాను, కాబట్టి నేనూ అబద్ధమే ఆడాను. అప్పు నేను కట్టను. కానీ అప్పులవాళ్ళతో మాట్లాడేటప్పుడు నీ పక్కన కూర్చుంటాను." కట్టననడానికి నాకు ప్రాణం పోయినంత పనైంది, కానీ అంతకుముందు రెండుసార్లు కట్టి చూశాను, మూడోసారి కూడా కడితే వాడు ఆటలోనే ఉండిపోయేవాడు.

వాడేం వెంటనే మారలేదు. కొన్ని నెలల తర్వాత మళ్ళీ ఆడాడు, కాకపోతే అదే రాత్రి తనే ఫోన్ చేశాడు, "అక్కా, మళ్ళీ ఆడాను" అని. ముందు పలకరించాను, తర్వాతే మిగతాది.

అందుకే అడుగుతున్నాను, మీ ఇళ్ళల్లో మందలించడం ఏ అర్థంలో వాడతారు? రెండు అర్థాలూ వాడుకలో ఉన్న ఊళ్ళవాళ్ళెవరైనా ఉంటే, ఎప్పుడు ఏదో ఎలా తెలుస్తుందో రాయండి.