ఆసిడ్ హౌస్ మొదట ఎక్కడ పుట్టింది: షికాగోలోనా, బొంబాయిలోనా?

ప్రశ్న (వీణ విద్యార్థిని, విజయవాడ)

అందరికీ నమస్కారం. నేను 15 ఏళ్లుగా వీణ నేర్చుకుంటున్నాను. డాన్స్ సంగీతంతో నాకు పరిచయం కలిగి నెల రోజులు కూడా కాలేదు. మా అబ్బాయి బెంగళూరు నుంచి పండుగకు వచ్చినప్పుడు రెండు రికార్డులు వినిపించాడు. ఒకటి షికాగోకు చెందిన ఫ్యూచర్ అనే బృందం 1987లో విడుదల చేసిన 'ఆసిడ్ ట్రాక్స్'. రెండవది బొంబాయి సినిమా వాద్యబృందాలలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ గారు 1982లో చేసిన 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. రెండింటిలోనూ అడుగున ఒకే వాద్యం పలుకుతున్నట్టు అనిపించింది. అందుకే ఆసిడ్ హౌస్ అనే ఈ డాన్స్ సంగీత శైలి మనదేశంలోనే ఐదేళ్లు ముందుగా పుట్టిందని మా అబ్బాయి గట్టిగా వాదిస్తున్నాడు.

రెండవ రికార్డుతో నాకు ఇబ్బంది లేదు. భూపాలి అంటే మన మోహన, మాల్కౌంస్ అంటే మన హిందోళం కాబట్టి స్వరాలు పట్టుకోగలిగాను. మొదటి దానిలో మాత్రం దాదాపు 12 నిమిషాలపాటు ఒకే చిన్న స్వరాల వరుస తిరుగుతూ ఉంది. ఇంతమంది గొప్పదంటున్న ఆ పాటలో వినవలసినది ఏమిటో, మా అబ్బాయి వాదన ఎంతవరకు నిలుస్తుందో దయచేసి వివరించగలరు.

జవాబు (సౌండ్ ఇంజనీరు, హైదరాబాదు)

అమ్మా, మీ చెవి సరిగానే పట్టుకుంది. రెండింటిలోనూ ఉన్నది జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ 1981లో తెచ్చిన టీబీ-303 అనే చిన్న పెట్టె. బాస్ గిటార్ వాయించే మనిషి దొరకనప్పుడు గిటారిస్టులు సాధన చేసుకోవడానికి తోడుగా ఉంటుందని దాన్ని తయారు చేశారు. కానీ ఆ పని అది బాగా చేయలేదు. బాస్ గిటార్‌లా వినిపించదు, పైగా స్వరాలను ఒకసారి, వాటి లయను మరొకసారి విడివిడిగా ఎక్కించవలసి రావడంతో కొన్నవారు విసిగిపోయారు. 1984లో కంపెనీ తయారీ ఆపేసింది, ఉన్న పెట్టెలు పాత సామాన్ల దుకాణాలకు చేరి చవకగా దొరకసాగాయి. షికాగోలో చేతిలో పెద్దగా డబ్బులేని యువకులకు అవి అందింది అలాగే.

ఇక వినవలసిన విషయానికి వస్తాను. ఆ పెట్టె పై వరుసలో ఆరు నాబ్‌లు ఉంటాయి. వాటిలో కటాఫ్ అనేది ఒక హద్దుకు పైనున్న అనుస్వరాలను (అంటే ఒక స్వరంతోపాటే దానిలో సన్నగా పలికే పై స్వరాలను) కోసేస్తుంది, రెజొనెన్స్ అనేది సరిగ్గా ఆ హద్దు దగ్గరి అనుస్వరాలను ఎత్తి చూపిస్తుంది. మీరు వీణ తీగను బ్రిడ్జికి దగ్గరగా మీటితే నాదం పదునుగా, దూరంగా మీటితే మెత్తగా వస్తుంది కదా. స్వరం మారదు, నాదం రంగు మారుతుంది. మీటే చోటును 12 నిమిషాలపాటు కొద్దికొద్దిగా జరుపుతూ పోతే ఎలా ఉంటుందో ఊహించండి, 'ఆసిడ్ ట్రాక్స్'లో జరిగేది అదే. స్పాంకీ అనే సభ్యుడు యంత్రాలు నడిపిస్తుండగా డీజే పియర్ ఆ నాబ్‌లు తిప్పుతూ ఈ ధ్వనిని కనిపెట్టారు. హెర్బ్ జె మూడవ సభ్యుడు. విడుదలైన రూపాన్ని నిర్మించినవారు మార్షల్ జెఫర్సన్.

నా దగ్గర ఆ పెట్టెకు నకలుగా వచ్చిన కొత్త యంత్రం ఒకటి ఉంది. మొన్న ఆదివారం 16 అక్షరాల వరుస ఒకటి ఎక్కించి, రెండు చోట్ల స్లైడ్ పెట్టాను. స్లైడ్ అంటే ఒక స్వరం నుంచి మరొక స్వరానికి మీ జారులాగా జారడమే. ఆ తరువాత స్వరాల జోలికి పోకుండా కటాఫ్ ఒక్కటే గోరంత గోరంతగా తిప్పాను. మొదట గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు గుడ్డిగా ఉన్న ధ్వని, సగం తిప్పేసరికి నోరు తెరిచినట్టయి, చివరికి ఈల వేసింది. నేను గడియారం చూసేసరికి నలభై నిమిషాలు గడిచిపోయాయి.

చరణ్‌జిత్ సింగ్ గారి పద్ధతి వేరు. ఆయన టీఆర్-808 డ్రమ్ మెషిన్‌తో లయను, 303తో అడుగు బాస్‌ను నిలబెట్టి, పైన జూపిటర్-8 అనే సింథసైజర్ మీద రాగాన్ని చేత్తో వాయించారు. అక్కడ కథ నడిపేది స్వరం. ఫ్యూచర్ పాటలో స్వరం కదలకుండా నిలబడుతుంది, కథ నడిపేది నాదం. వాద్యం ఒకటే కావచ్చు, సంగీతాలు మాత్రం రెండు.

జవాబు (షికాగోలో ఉద్యోగం చేస్తున్న నెల్లూరు వాసి)

పై మాటతో ఏకీభవిస్తూ, వారు చెప్పని ఒక సగం చేరుస్తాను. ఆసిడ్ హౌస్‌కు మూలమైన హౌస్ సంగీతాన్ని యంత్రాలతో మాత్రమే కొలిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఆ సంగీతాన్ని సగం తయారు చేసింది దానికి ఆడినవాళ్లు. ఇక్కడ జెఫర్సన్ వీధిలో 1977లో వేర్‌హౌస్ అనే క్లబ్బు మొదలైంది, హౌస్ అనే పేరు దాని నుంచే వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. న్యూయార్క్ నుంచి వచ్చిన ఫ్రాంకీ నకుల్స్ అక్కడ రికార్డులు వేసేవారు. వచ్చేవారిలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో స్వలింగ సంపర్కులు, బయట తమకు దొరకని చోటును వాళ్లు ఆ గదిలో సంపాదించుకున్నారు.

1979 జులై 12న ఇదే ఊరి కొమిస్కీ పార్కులో రెండు బేస్‌బాల్ ఆటల మధ్య డిస్కో రికార్డులను గుట్టగా పోసి పేల్చేశారు. జనం మైదానంలోకి దూకడంతో రెండో ఆట జరగనేలేదు. ఆ రోజు ఆ స్టేడియంలో ప్రేక్షకులను సీట్లలో కూర్చోబెట్టే పనిలో ఉన్న విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రవాడు, ఐదేళ్ల తరువాత 1984లో జెస్సీ సాండర్స్‌తో కలిసి 'ఆన్ అండ్ ఆన్' చేశాడు. తొలి హౌస్ రికార్డుగా చాలామంది చెప్పేది దాన్నే. పేల్చేసిన సంగీతం పేలినచోటే మళ్లీ మొలిచిన తీరు నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

'ఆసిడ్ ట్రాక్స్' సంగతి కూడా అంతే. దాని టేపును మ్యూజిక్ బాక్స్ క్లబ్బులో రాన్ హార్డీ ఒకే రాత్రి నాలుగుసార్లు వేశారని, మొదటిసారి ఆట ఆపి వెళ్లిపోయిన జనం నాలుగోసారికి వెర్రెత్తి ఆడారని డీజే పియర్ చెబుతూ వచ్చారు. ఆ పాట రికార్డుగా అచ్చయ్యేలోపే ఊరంతా దాని టేపుల నకళ్లు తిరిగాయి. చరణ్‌జిత్ సింగ్ గారి రికార్డుకు అటువంటి గది దొరకలేదు. పెద్దగా అమ్ముడుపోక మరుగున పడి, 2010లో మళ్లీ విడుదలైనప్పుడే లోకం దాన్ని చూసింది. షికాగో యువకులు దాన్ని విన్నారనడానికి దాఖలా ఏదీ నేను చూడలేదు. కాబట్టి దాన్ని మూలం అనలేము. అయితే ఆయన ఘనత తగ్గదు, ఎవరూ దారి చూపకుండానే ఆ మూడు యంత్రాలను ఆయన ఒకచోట కూర్చారు.

అమ్మగారికి ఒక విన్నపం. 'ఆసిడ్ ట్రాక్స్'తో మొదలుపెట్టడం కష్టం. ముందు లారీ హర్డ్ 'మిస్టర్ ఫింగర్స్' పేరుతో 1986లో ఇచ్చిన 'కెన్ యు ఫీల్ ఇట్' వినండి. ఆయన మొదట డ్రమ్మర్, కాబట్టి దేన్ని వాయించకుండా వదలాలో ఆయనకు తెలుసు. తరువాత అదే ఏడాది వచ్చిన మార్షల్ జెఫర్సన్ 'మూవ్ యువర్ బాడీ' వినండి. అప్పట్లో పోస్టాఫీసులో పనిచేస్తున్న జెఫర్సన్‌కు పియానో వేగంగా వాయించడం రాదు, అందుకని వేగం తగ్గించి వాయించి రికార్డు చేసి, తరువాత అసలు వేగానికి పెంచారు. ఆ ఉత్సాహం వింటే ఆ సంగతి ఎవరికీ తట్టదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రాత్రి దీపం ఆర్పి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని 'కెన్ యు ఫీల్ ఇట్' రెండుసార్లు విన్నాను. డ్రమ్ము ప్రతి దెబ్బకూ సమంగా పడుతుంటే, తాళపు చిప్పల శబ్దం మాత్రం దెబ్బకూ దెబ్బకూ నడుమ లేస్తోంది. చేత్తో తాళం వేసి చూశాను. మా గురువుగారు అనాగత ఎడుపు (తాళపు దెబ్బ పడిన తరువాత పాట ఎత్తుకోవడం) చెప్పేటప్పుడు చెయ్యి ఎత్తి ఆపి చూపించే ఖాళీ ఉంటుంది, అది సరిగ్గా అక్కడే పడింది. తరువాత 'ఆసిడ్ ట్రాక్స్' మళ్లీ పెట్టాను. స్వరాలు లెక్కపెట్టడం మానేసి, మీరు చెప్పిన మీటే చోటును మాత్రమే అనుసరిస్తూ పోయాను. ఈసారి పాట పూర్తయ్యేవరకు తీయలేదు.

మా అబ్బాయికి ఈ చర్చ అంతా పంపించాను. ఇంకొక సందేహం: సింగ్ గారి కళావతిని (మన వలజి) వినేటప్పుడు 303 జారుకూ పై రాగానికీ కొన్నిచోట్ల పొంతన కుదరనట్టు నాకు తోచింది. సౌండ్ ఇంజనీరు గారూ, మీ దగ్గరి యంత్రంలో ఒక జారు నిడివిని మనకు కావలసినంత సాగదీయడానికి వీలుంటుందా?

జవాబు (సౌండ్ ఇంజనీరు, హైదరాబాదు)

అసలు 303లో ఆ వీలు లేదమ్మా. స్లైడ్ ఉండాలా వద్దా అన్నది మాత్రమే మన చేతిలో ఉంటుంది, అది ఎంతసేపు జారాలన్నది లోపలి సర్క్యూట్ నిర్ణయిస్తుంది. వీణ మీద మీరు తీగ లాగి పలికించే గమకం దానికి చేతకాదు. సింగ్ గారు రాగాన్ని 303కు అప్పగించకుండా జూపిటర్ మీద తన వేళ్లకే ఉంచుకోవడానికి అది కూడా ఒక కారణమై ఉంటుందని నా అభిప్రాయం.